చదివింపుల పుస్తకం పక్కన ఫొటో బూత్

రిసెప్షన్‌కి ఫొటో బూత్, అంటే అతిథులే బటన్ నొక్కి ఫొటో దిగి అక్కడికక్కడే అచ్చు తీసుకునే ఏర్పాటు, పెట్టించాలా వద్దా అన్న తగువు ఇప్పుడు ఒడిశాలోని మా బరంపురంలో ప్రతి పెళ్లింటికీ వస్తోంది. పిల్లలు కావాలంటారు. పెద్దవాళ్లు దండగ ఖర్చంటారు. డబ్బు కట్టాల్సిన తండ్రి ఈవెంట్ కుర్రాడు ఫోన్‌లో చూపించిన వీడియో చూసి, సరే కానీయండంటాడు. నా పక్షం ముందే చెప్పేస్తాను. ఉండాలి. కాకపోతే నేను అడిగే బూత్ వేరు, ఈ మధ్య లాన్‌లలో కనిపిస్తున్న బూత్ వేరు. వచ్చే మాఘంలో మా మేనకోడలి పెళ్లి. పెళ్లికొడుకు వాళ్లది ఛత్రపురం, ఒడియా కుటుంబం. ఇంట్లో అన్నయ్యతో, వదినతో ఈ వాదన ముక్కలు ముక్కలుగా నడుస్తూనే ఉంది. ఎవరో ఒకరు లేచి వెళ్లిపోవడమో, ఫోన్ మోగడమో జరిగి ఎప్పుడూ సగంలో ఆగిపోతుంది. అందుకే ఇక్కడ తీరిగ్గా, మొదటినుంచీ రాస్తున్నాను.

ముందు స్టేజీ సంగతి. మన రిసెప్షన్ అంతా స్టేజీ చుట్టూనే తిరుగుతుంది. కార్డులో ఏడున్నర అని వేస్తాం. పెళ్లికూతురు మేకప్ ముగించుకుని సోఫాలో కూర్చునేసరికి తొమ్మిదవుతుంది. అప్పటికే మెట్ల దగ్గర వరస కట్టి ఉంటారు. కవరు మీద పేరు రాశామా లేదా అని మళ్లీ ఒకసారి చూసుకుంటారు, ఏడుస్తున్న పిల్లాడిని భుజం మార్చుకుంటారు, ఒక్కో మెట్టూ ఎక్కుతారు. పైకెళ్లాక నాలుగు అక్షింతలు, కవరు, ‘బాగున్నారా’ అన్న ఒక్క పలకరింపు. ఫొటోగ్రాఫర్ ‘ఇటు చూడండి సార్’ అంటాడు. ఫ్లాష్ వెలుగుతుంది. వెనకవాళ్లు తోస్తుంటే అటువైపు మెట్ల మీంచి దిగిపోతారు. వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన మేనమామకైనా, వీధి చివర కిరాణా కొట్టాయనకైనా దొరికేది అంతే సమయం.

కొన్ని నెలలకి కరిజ్మా ఆల్బం వస్తుంది. బరువైన అట్ట, మెరిసే పేజీలు. సగం పుస్తకం పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. మిగతా సగంలో అతిథులు, పేజీకి తొమ్మిదేసి చిన్న ఫొటోలు. మధ్యలో ఇద్దరూ అవే నగలతో, అదే నవ్వుతో ఉంటారు. చుట్టూ మనుషులు మాత్రమే మారుతుంటారు. ఆ మనుషులు కూడా తమలా ఉండరు. బిగుసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కళ్లు సగం మూసుకుని ఉంటారు. మూడు వందల మంది చూస్తుండగా ఎవరైనా అలాగే నిలబడతారు.

ఆ ఆల్బంలో అసలు కనిపించనివాళ్ల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక కింద కుర్చీలోనే కూర్చుండిపోయిన పెద్దమ్మ ఉండదు. రాత్రంతా వంటవాళ్ల దగ్గర నిలబడి, బూరెలు తక్కువ పడతాయేమోనని బెంగపడుతూ తిరిగిన బాబాయి ఉండడు. ఇచ్ఛాపురం వెళ్లే ఆఖరి బండి అందుకోవాలని గబగబా నాలుగు ముద్దలు తిని, వరస తరగక, కవరు ఎవరి చేతికో ఇచ్చేసి వెళ్లిపోయిన వదినగారి అన్నదమ్ములు ఉండరు. పెళ్లికి వచ్చారన్న ఆనవాలు ఒక్క చదివింపుల పుస్తకంలో మిగులుతుంది, పేరు, ఊరు, పక్కన అంకె.

సరిహద్దులో ఉండేవాళ్లకి ఈ లోటు ఇంకాస్త లోతుగా తగులుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలోకి వచ్చింది. పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం మద్రాసులోనే ఉండిపోయింది. పర్లాకిమిడి ఇటు, దాని గుమ్మంలో ఉన్న పాతపట్నం అటు. చుట్టరికాలకి మాత్రం ఆ గీత తెలియదు. అమ్మమ్మ వాళ్లది సోంపేట, మేనత్తని ఇచ్చింది గుణుపురం, చిన్నాన్న ఉద్యోగం రాయగడ, పిన్ని కాపురం కోరాపుట్. పండక్కి కూడా అందరూ కలవడం మానేశాక, ఇంతమందీ ఒక కప్పు కిందకి వచ్చేది పెళ్లికే. ఇప్పుడు పెళ్లి కూడా ఒక పూటకి కుదించుకుపోయింది. ఆ పూటలో స్టేజీ వరస ఎంత తినేస్తుందో చూస్తూనే ఉన్నాం.

ఇంకొక సంగతి ఉంది. నా వాదనంతా నిలబడింది దీని మీదే. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి తెలుగు చదవడం రాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. నాన్న తరం తెలుగు బళ్లో చదువుకుంది. మా తరంలో కొందరం అమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాం. మా మేనకోడలికి తెలుగు అక్షరం బొమ్మలా కనిపిస్తుందే తప్ప పలకదు. రేపు దాని చదివింపుల పుస్తకంలో సోంపేట పెద్దవాళ్లు తెలుగులో రాస్తారు. ఛత్రపురం వాళ్లు ఒడియాలో రాస్తారు. దాని మొగుడు తెలుగు సగం చదవలేడు. తనూ తెలుగు సగం చదవలేదు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం తీస్తే ఎవరు ఏమిచ్చారో అంకెలు తెలుస్తాయి, ఇచ్చినవాళ్లెవరో తెలియదు. పేరు పక్కన మొహం ఉంటే తెలుస్తుంది. ‘ఈవిడ మా నాన్నకి పెద్దమ్మ, నాకు వేళ్లకి గోరింటాకు పెట్టింది’ అని వేలు పెట్టి చూపించగలుగుతుంది.

ఫొటో బూత్ అంటే నా మనసులో ఉన్నది ఇదే. రెండు ప్రింట్లు రావాలి. ఒకటి అతిథి ఇంటికి వెళ్లాలి. ఒకటి చదివింపుల పుస్తకంలోకి వెళ్లాలి. దాని కింద వాళ్ల చేత్తో, వాళ్ల లిపిలో, పేరూ ఒక మాటా. ఇది లేని బూత్‌ని నేను సమర్థించను.

ఈ యంత్రం ఎక్కడిదో కాస్త చెప్పాలి. ఎందుకంటే దానికున్న ఒక మంచి గుణం మనవాళ్లు గాలికొదిలేశారు. సైబీరియాలోని ఓమ్స్క్‌లో పుట్టిన అనతోల్ జొసెఫో అమెరికా చేరి, 1925లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద ‘ఫొటోమాటన్’ అనే పెట్టెని తెరిచాడు. పావు డాలరు వేస్తే ఎనిమిది ఫొటోలు, సుమారు పది నిమిషాల్లో కడిగి, ఆరబెట్టి, ఒక పట్టీలాగా బయటికి వచ్చేవి. మొదటి ఆరు నెలల్లోనే 2,80,000 మంది దిగారు. 1927లో హెన్రీ మోర్గెంథౌ అనే పెద్దమనిషి కూడగట్టిన వ్యాపారుల బృందం పది లక్షల డాలర్లు పెట్టి హక్కులు కొంది.

అన్ని లక్షల మంది ఎగబడింది చవకని మాత్రమే అనుకోను. అప్పటిదాకా ఫొటో అంటే ఎదురుగా ఒక ఫొటోగ్రాఫర్, అతని ఆజ్ఞలు. గడ్డం పైకెత్తు, కదలకు, నవ్వకు. పెట్టెలో ఆ మనిషి లేడు. చిన్న స్టూలు, రానురానూ దానికి ఒక తెర. తెర వేసుకున్నాక లోపల ఎలా కూర్చున్నా ఎవరూ చూడరు. ఎలా ఉంటే అలా పడతారు. పైగా అందులో నెగటివ్ ఉండేది కాదు, కాగితం మీదికే సూటిగా బొమ్మ వచ్చేది. ఆ పట్టీకి ఇంకో ప్రతి ఉండదు కాబట్టి జాగ్రత్తగా దాచుకునేవారు. ఇప్పుడు మనకి దొరికే డిజిటల్ బూత్ రెండో ప్రతి కూడా ఇస్తుంది. ఆ తెర మాత్రం తీసిపారేశారు. మన లాన్‌లలో బూత్ పేరుతో పెట్టేది పూల గోడ, ఒక రింగు లైటు, స్టాండ్ మీద ట్యాబ్, చుట్టూ మూగిన జనం. అది ఇంకో చిన్న స్టేజీ, అంతే. మళ్లీ అందరూ చూస్తుంటారు. మళ్లీ బిగుసుకుంటాం. మూడు వైపులా గుడ్డ కట్టి, నాలుగో వైపు పరదా వేయమని అడగండి. షామియానా వాడి దగ్గర గుడ్డకి కొదవుండదు.

రాయగడలో ఒక స్నేహితురాలి కూతురి రిసెప్షన్‌లో అలాంటి పరదా ఉన్న బూత్ చూశాను. అది కూడా తెలుగు పిల్లా, ఒడియా అబ్బాయీ పెళ్లే. పెళ్లికూతురి అమ్మమ్మ, పెళ్లికొడుకు నాయనమ్మ ముందు వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. ఈవిడకి ఒడియా రాదు, ఆవిడకి తెలుగు రాదు. తలలూపుకోవడం, చీర అంచు పట్టుకుని చూసి బాగుందన్నట్టు నవ్వుకోవడం, అంతకు మించి ఏం మాట్లాడుకుంటారు? మనవరాలు ఒకతి ఇద్దరినీ చేయి పట్టుకుని లేపి పరదా వెనక కూర్చోబెట్టి, బటన్ ఎక్కడుందో చూపించి బయటికి వచ్చేసింది. లోపల్నుంచి మొదట చప్పుడు లేదు. తర్వాత నవ్వు వినిపించింది, ముందు ఒకరిది, వెంటనే రెండోవారిది. ప్రింట్లు బయటికి వచ్చాక చెరొకటి పట్టుకుని కళ్లజోళ్లు సర్దుకున్నారు. నాయనమ్మ ఒడియాలో ‘భల ఉఠిచి’ (బాగా పడింది) అంది. అమ్మమ్మ ‘బాగానే పడ్డాఁవే, సూడు, పళ్లు లేవని తెలీట్లేదు’ అంది. ఎవరి భాషలో వాళ్లే అన్నారు, ఇద్దరూ ఒకదాన్ని చూసే అన్నారు. ఆ రెండు కుటుంబాలకీ మధ్య ఆ సాయంత్రం నిజంగా జరిగిన పరిచయం అదొక్కటేనని నాకనిపించింది. స్టేజీ మీద వియ్యంకులిద్దరూ కలిసి దిగిన ఫొటో కూడా ఉంది. అందులో ఇద్దరూ కెమెరాని చూస్తున్నారు.

దీనికి మా వదిన చెప్పే సమాధానం: అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, మళ్లీ బూత్ ఎందుకు? ఫోన్లో తీసిన ఫొటో ఎక్కడికి వెళ్తుందో చూడండి. వాట్సాప్ గ్రూపులో రెండు వందల ఫొటోలు ఒకేసారి పడతాయి. గుడ్ మార్నింగ్ పువ్వుల కింద వారంలో పూడిపోతాయి. ఫోన్ మారుస్తాం, మెమరీ నిండిందని తీసేస్తాం. ముఖ్యంగా, ఫోన్ లేనివాళ్లూ, ఉన్నా పచ్చ బటన్ ఎర్ర బటన్ తప్ప తెలియనివాళ్లూ మన పెళ్లిళ్లకి వచ్చే పెద్దల్లో ఎంతమంది! వాళ్ల ఫొటోలు వాళ్ల దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంటాయి.

మా మేనత్త పోయినప్పుడు ఈ మాట నాకు బాగా అర్థమైంది. దినం నాటికి పటం కట్టించాలి. ఇల్లంతా వెతికారు. ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నది పటానికి పనికిరాదు. చివరికి ఎవరి పెళ్లిలోనో స్టేజీ మీద వెనక వరసలో నిలబడ్డ ఫొటో దొరికింది. అందులోంచి మొహం వరకు కత్తిరించి, కంప్యూటర్లో ఎవరిదో చీర కట్టిన భుజాల మీద అతికించి, వెనక నీలం రంగు పోసి ఇచ్చారు. మా దగ్గర చాలా ఇళ్లలో గోడ మీద పటాలు ఇలాగే తయారవుతాయి. మగవాళ్లకయితే కోటూ టై వేసేస్తారు, బతికున్నప్పుడు ఏనాడూ కోటు వేసుకోని రైతుకి కూడా. మా అత్త ఆ చీర ఎప్పుడూ కట్టలేదు. ఆవిడ నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడేది. పటంలో ఆ సొట్ట లేదు, ఎందుకంటే స్టేజీ మీద ఆవిడ నవ్వలేదు. రిసెప్షన్‌కి వచ్చిన ప్రతి పెద్దావిడా, ప్రతి పెద్దాయనా తమకి ఇష్టమైన చీరలో, తమ పంచెలో, తమ వాళ్ల పక్కన కూర్చుని నవ్వుతూ దిగిన ఒక కాగితం ఫొటో ఇంటికి తీసుకెళ్లాలని నేను ఇంత పట్టుబట్టడానికి ఇదే కారణం. డ్రోన్ ఆకాశం నుంచి తీసే లాన్ దీపాల వీడియో ఈ లోటు తీర్చదు.

మా చిన్నప్పుడు పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి రోలుకి ముప్పై ఆరు ఫొటోలే. అందుకే ఎవరికి తీయాలో, ఎవరికి ఫ్లాష్ మాత్రమే కొట్టి ఊరుకోవాలో అతనికి ఇంటివాళ్లు కళ్లతోనే చెప్పేవారు. డబ్బున్న చుట్టానికి నిజం ఫొటో, పిల్లలకీ పనివాళ్లకీ ఉత్త ఫ్లాష్. ఇప్పుడు రోలు లేదు. అయినా ఎవరి ఫొటో అచ్చవుతుంది, ఎవరిది హార్డ్‌డిస్కులో మూలుగుతుంది అన్న తేడా అలాగే ఉంది. బూత్ ముందు ఈ తేడా చెరిగిపోతుంది. వడ్డించే కుర్రాడు బటన్ నొక్కినా ప్రింటు వస్తుంది.

ఇక అభ్యంతరాలు. కొన్ని న్యాయమైనవే, వాటిని దాటేయను.

హుందాతనం పోతుందన్నది మొదటిది. అట్ట మీసాలు, నక్షత్రాల కళ్లజోళ్లు, ఇంగ్లీషులో ఏవేవో రాసిన పలకలు, వాటిని పట్టుకుని పెళ్లిలో పెద్దవాళ్లు గంతులేయాలా అని మా పెద్దమ్మ అడిగింది. ఆవిడతో నేను ఏకీభవిస్తాను. వేషమంటే మాకు చిన్నచూపు లేదు. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో బరంపురం వీధుల నిండా మొక్కుకుని వేషం కట్టినవాళ్లే, పులి వేషాలు, దేవుళ్ల వేషాలు. ఒంటి మీద రంగు ఆరేదాకా నిలబడి, డప్పుకి అడుగు తప్పకుండా ఆడతారు. అంత శ్రద్ధగా వేషం కట్టే ఊళ్లో అట్ట మీసం పెట్టుకుని నవ్వు తెప్పించుకోవాల్సిన అవసరం లేదు. ప్రాప్స్ అన్నీ తీసేయమనండి. ఒక పాగా, రెండు పూలదండలు ఉంచితే చాలు. అవి కూడా లేకపోయినా మనుషులు చాలు.

రెండోది నాది, ఇంకెవరూ అడగడం లేదు గానీ నాకు చాలా ముఖ్యం. ఈ బూత్‌లలో చాలావాటికి బ్యూటీ ఫిల్టర్ ముందే వేసి ఉంటుంది. 1995లో జపాన్‌లో అట్లస్, సెగా కంపెనీలు స్టిక్కర్లు అచ్చు వేసే ఫొటో మెషీన్లు తెచ్చాయి. అక్కడి ఆడపిల్లలు ఆ స్టిక్కర్లని స్నేహితులతో పంచుకుని నోటుపుస్తకాల్లో అతికించి దాచుకున్నారు. నేనడిగే పుస్తకానికి అది అక్కలాంటిది. రానురానూ ఆ మెషీన్లు కళ్లు పెద్దవి చేయడం, చర్మం తెల్లబరచడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ అలవాటు ఫోన్లలోకీ మన బూత్‌లలోకీ వచ్చేసింది. సముద్రం ఒడ్డున ఎండలో పెరిగిన నల్లటి మనుషులం. మెషీన్ నుంచి సున్నం కొట్టినట్టు బయటికి వస్తాం. ఒక పెళ్లిలో చామనఛాయ పిల్ల తన ప్రింటు చూసుకుని మురిసిపోయి, పక్కనే స్టేజీ ఫొటో చూసుకుని మొహం ముడుచుకుంది. ఆ పిల్ల మొహం నాకు ఇంకా కళ్ల ముందుంది. ఫిల్టర్ ఆపేసి మొదలుపెట్టమని బూత్ అబ్బాయికి చెప్పడం పెళ్లివారి బాధ్యత. అది ఒక్క బటన్ పని.

మూడోది ఫోన్ నంబర్. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, నంబర్ ఇవ్వండి, ఫొటో వాట్సాప్‌కి వస్తుంది అంటారు. ఆ నంబర్లూ, ఆ మొహాలూ ఆ తర్వాత ఎవరి దగ్గర ఉంటాయి? వ్యక్తిగత వివరాల రక్షణకి 2023లో కేంద్రం చట్టం చేసింది. చట్టం ఉన్నంత మాత్రాన లాన్‌లో కూర్చున్న కుర్రాడి ల్యాప్‌టాప్ దానంతటది ఖాళీ అయిపోదు. పరిష్కారం తేలిక. కాగితం ప్రింటుకి నంబర్ అక్కర్లేదు. ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఇంటివాళ్లకి ఇచ్చేసి, వాళ్ల ఎదురుగానే మెషీన్లోంచి తుడిచేయాలి. పెళ్లిళ్లలో తీసిన ఆడపిల్లల ఫొటోలు ఆ కంపెనీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ప్రకటనగా వాడుకోకూడదని ముందే కాగితం మీద రాయించుకోవాలి.

గుండ్రటి పీట మీద నిలబెట్టి చుట్టూ కెమెరా తిప్పే 360 అనే బూత్‌ని గురించి ఎక్కువ రాయను. పెద్దవాళ్లు దాని మీద నిలబడితే తూలతారు. పాట హోరుకి పక్క టేబుల్ వాళ్లకి మాట వినబడదు. చివరికి చేతికి ఏమీ రాదు, ఫోన్లో పది సెకన్ల వీడియో తప్ప. అది వద్దు.

ఖర్చు అన్నయ్య ప్రశ్న. బూత్ వేలల్లో ఉంటుంది, కాదనను. ఆ వేలు ఎక్కడినుంచి తీయాలన్నది అసలు విషయం. స్టేజీ వెనక ఎల్‌ఈడీ గోడ, చల్లటి పొగ, డ్రోన్, ప్రవేశద్వారం దగ్గర థర్మాకోల్ నెమళ్లు, ఇవన్నీ లెక్కలో ఉన్నప్పుడు అతిథి చేతికి ఇచ్చే ఒక్క వస్తువుకే డబ్బు లేదనడం నాకు నచ్చదు. రిటర్న్ గిఫ్టు పేరుతో స్టీలు డబ్బాలో ప్లాస్టిక్ గిన్నెలో పంచుతూనే ఉన్నాం కదా. వాటి బదులు ఈ ఫొటో ఇద్దాం. ఎవరింట్లోనూ అది అటక ఎక్కదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. రిసెప్షన్‌కి వచ్చేది దంపతుల్ని దీవించడానికి, మన ఫొటోలు మనం దిగడానికి కాదు అంటారు. బూత్ జనాన్ని స్టేజీ నుంచి లాగేస్తుందంటారు. లాగాలనే నేనంటాను. వరసలో నిలబడి విసిగే జనం పలచబడితే స్టేజీ మీద దీవెనకి కాస్త సమయం దొరుకుతుంది. పెద్దలు పిల్ల తల మీద చేయి వేసి నాలుగు మాటలు చెప్పగలుగుతారు. పైగా పుస్తకంలో ఫొటో కింద రాసే మాట కూడా దీవెనే. అది ఆ రాత్రితో గాలిలో కలిసిపోదు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కూడా భోజనాల వేళకి స్టేజీ దిగి, ఒక పావుగంట బూత్ దగ్గరికి వచ్చి, మెట్లెక్కలేని పెద్దవాళ్ల పక్కన కూర్చోవాలి. ఒడియా పెళ్లిళ్లలో ప్రీతిభోజి అని కార్డు వేస్తారు. భోజనం దగ్గర కలవడమే అక్కడ ముఖ్యం. ఛత్రపురం వాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదనే నా నమ్మకం.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు బూత్ అబ్బాయిని ఏం అడగాలో రాస్తాను. ప్రింటర్ ఏదని అడగండి. వేడితో రంగు కాగితంలోకి ఎక్కించే డై సబ్లిమేషన్ రకం కావాలి. అందులో పసుపు, గులాబీ, నీలం రంగుల పొరలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి, పైన ఒక పారదర్శకమైన పూత పడుతుంది. పది పదిహేను సెకన్లలో పొడిగా చేతికి వస్తుంది. మాఘంలో పెళ్లయినా జనంలో చేతులు చెమర్చే ఉంటాయి, పెరుగన్నం తిని కడుక్కున్న తడి కూడా ఉంటుంది. సిరా చల్లే మామూలు ప్రింటర్ బొమ్మ ఆ తడికి అలుక్కుపోతుంది. ఈ మధ్య బిల్లు కాగితం మీద నలుపు తెలుపులో అచ్చు వేసే బూత్‌లు కూడా వస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, మందుల షాపు బిల్లు నాలుగు నెలలకి ఎలా వెలిసిపోతుందో అదీ అలాగే వెలుస్తుంది. పుస్తకంలో దాచుకునేదానికి పనికిరాదు. నాలుగంగుళాలు ఆరంగుళాల కాగితం, ప్రతిసారీ రెండు. కాగితం రోలుకి ఇన్ని ప్రింట్లని లెక్క ఉంటుంది, అదనంగా ఒక రోలు వెంట తెచ్చుకోమనండి. కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోపు ప్రింటర్ మధ్యలో ఆగిపోతుంది, చిన్న యూపీఎస్ తప్పనిసరి.

బూత్‌ని స్టేజీ దగ్గర పెట్టనీయకండి. భోజనాల దగ్గర, చేతులు కడుక్కునే చోటు దాటగానే, మెట్లు లేని చోట, చక్రాల కుర్చీ కూడా లోపలికి వెళ్లే వెడల్పుతో ఉండాలి. లోపల స్టూలు బదులు చేతులున్న రెండు కుర్చీలు. డీజే పెట్టెలకి దూరంగా. మొదటి గంట పెద్దవాళ్లకే అని ఇంటి కుర్రాళ్లకి చెప్పి ఉంచాలి, లేకపోతే గుంటలు పరదా వదలరు. వాళ్లకి తర్వాత రాత్రంతా ఉంది.

పుస్తకం నేను కొంటాను. నల్ల కాగితాల పాతకాలం ఆల్బం లాంటిది, పేజీకి ఒక్క ఫొటో, మూలలకి తొడిగే కాగితం కార్నర్లు. జిగురు పూస్తే బొమ్మ ముడతలు పడుతుంది. పక్కన తెల్ల సిరా పెన్నులు నాలుగు. టేబుల్ దగ్గర కూర్చుని, రాయడం రానివాళ్ల మాట విని వాళ్ల తరఫున రాసిపెట్టడానికి రెండు లిపులూ వచ్చిన మనిషి కావాలి. మా పెద్దమ్మ కొడుకు ఒప్పుకున్నాడు. వాడు ఒడియా బళ్లో మాస్టారు, తెలుగు కూడా గుండ్రంగా రాస్తాడు. అన్నయ్య ఇంకా ఔననలేదు. డ్రోన్ మానేసి ఆ డబ్బు ఇటు వేద్దామన్నాను, ఆలోచిస్తానన్నాడు. ఈ ఆదివారం ఛత్రపురం వాళ్లు లాన్ చూడ్డానికి వస్తున్నారు. వాళ్ల ముందు కూడా ఇదే అడుగుతాను, ఒడియాలో.